సలహా కాగితం మీద సంతకం ఎవరిది?

ఆర్టీసీలోనో, సింగరేణిలోనో, జిల్లా పరిషత్ హైస్కూల్లోనో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన ఉద్యోగి ఖాతాలో గ్రాట్యుటీ, పీఎఫ్, వాడుకోని సెలవుల డబ్బు కలిసి నలభై లక్షలు జమైతే, ఆ సంగతి కొన్నిసార్లు ఇంట్లోవాళ్లకన్నా ముందే బ్యాంకు శాఖలోని రిలేషన్‌షిప్ మేనేజర్‌కు తెలుస్తుంది. మరో వారంలో మేనల్లుడి స్నేహితుడో, పాత సహోద్యోగి కొడుకో ఫైలు పట్టుకుని ఇంటికి వస్తాడు. కాఫీ అయ్యాక పెన్ను తీసి, పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకం పెట్టమంటాడు. ప్రపోజల్ ఫారం మీద ఒకటి, రాబడి అంచనా పట్టిక మీద ఒకటి, ఏటా ప్రీమియం ఖాతాలోంచి దానంతటదే కట్ కావడానికి ఇచ్చే అనుమతి మీద ఒకటి, అన్నీ చదివి అర్థం చేసుకున్నానన్న ప్రకటన మీద మరొకటి. ఈ సంతకాలన్నీ డబ్బు పెట్టే మనిషివే. ఏజెంటు సంతకం చేసే ముఖ్యమైన కాగితమూ ఒకటుంది, కానీ అది కస్టమర్ ఆరోగ్యం, ఆదాయం, అలవాట్ల గురించి బీమా కంపెనీకి పంపే రహస్య నివేదిక. ఈ పాలసీ ఈ మనిషికే ఎందుకు చెప్పానో రాసి, కింద సంతకం చేసి, కస్టమర్ చేతికిచ్చే కాగితం మాత్రం ఆ ఫైల్లో సాధారణంగా కనిపించదు.

ఫైనాన్షియల్ ప్లానర్ల వృత్తి ప్రమాణాల ప్రస్తావన వస్తే నిజాయితీ, నైపుణ్యం, గోప్యత వంటి పెద్ద మాటలు ముందుకొస్తాయి. వాటి అవసరాన్ని ఎవరూ కాదనరు గానీ, అమ్మకానికీ సలహాకూ మధ్య గీత ఎక్కడుందో తేల్చేది ఆ లేని కాగితమే. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2013 జనవరిలో ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ల నిబంధనలు తెచ్చినప్పుడు, అడ్వైజర్ అయిదేళ్లపాటు భద్రపరచాల్సిన రికార్డుల్లో కేవైసీ పత్రాలు, రిస్క్ అంచనా, క్లయింటుతో ఒప్పందం వంటివాటితో పాటు, ఫలానా సలహాకు ఏ కారణాల మీద వచ్చాడో చెప్పే హేతువును కూడా చేర్చింది. దాని మీద సంతకం, తేదీ ఉండాలంది. నోటిమాటగా చెప్పిన సలహాకూ రికార్డు ఉండాలంది. ఫీజు ఎవరిదగ్గర తీసుకోవాలి, ఏమేం అడిగి తెలుసుకోవాలి, ఏది ఎవరికి చెప్పకూడదు అనే మిగతా నియమాలన్నిటినీ ఆ హేతువు కల్తీ కాకుండా చుట్టూ వేసిన కంచెగా చూస్తే అవి ఎందుకున్నాయో తేలిగ్గా బోధపడుతుంది.

ముందుగా మనుషుల్ని విడదీసి చూడాలి, ఎందుకంటే మన ఇళ్లలో ‘మా డబ్బు వ్యవహారాలు చూసే అబ్బాయి’ అనే ఒక్క మాట కింద ముగ్గురు వేర్వేరు మనుషులు దాక్కుంటారు. బీమా ఏజెంటు చట్టప్రకారం కంపెనీ ప్రతినిధి. మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ సెబీ నెలకొల్పిన ఎన్‌ఐఎస్‌ఎం సంస్థ పరీక్ష పాసై, ఫండ్ సంస్థల సంఘమైన ఆంఫీ దగ్గర ఏఆర్‌ఎన్ అనే నమోదు నంబరు తీసుకుని, ఫండ్ సంస్థలిచ్చే కమీషన్ మీద పనిచేస్తాడు. అమ్మకంలో భాగంగా అతను నాలుగు మాటలు చెప్పడాన్ని చట్టం అనుమతిస్తుంది, అంతే. సెబీ దగ్గర నమోదైన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ మాత్రం క్లయింటు పట్ల ధర్మకర్త హోదాలో నడుచుకోవాలి. ఈ మాట తెలుగువాళ్లకు గుడి పుణ్యమా అని కొత్త కాదు: దేవుడి మాన్యం మీద ధర్మకర్తకు పెత్తనం ఉంటుంది కానీ పంటలో వాటా ఉండదు. సీఎఫ్‌పీ (సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్) పట్టా మరో సంగతి. అది చదువుకూ, ‘క్లయింటే ముందు’ అన్న సూత్రంతో మొదలయ్యే నియమావళికి కట్టుబడతానన్న మాటకూ గుర్తు. ఫీజు తీసుకుని పెట్టుబడి సలహా ఇచ్చే అధికారం రావాలంటే సెబీ నమోదు కావాల్సిందే. దేశం మొత్తం మీద అలా నమోదైన అడ్వైజర్లు వెయ్యికి కాస్త అటూఇటూగా ఉంటే, ఏఆర్‌ఎన్ ఉన్నవాళ్లు లక్ష దాటారు. డిస్ట్రిబ్యూటర్లు ‘ఇండిపెండెంట్ ఫైనాన్షియల్ అడ్వైజర్’, ‘వెల్త్ అడ్వైజర్’ వంటి పేర్లు పెట్టుకోకూడదని 2020లో సెబీ నిషేధించడం విజిటింగ్ కార్డుల గొడవలా కనిపించవచ్చు. కానీ ఎదుటివాడు ఎవరి తరఫున వచ్చాడో కస్టమర్‌కు తెలిసే మొదటి చోటు ఆ కార్డే.

తెలిసినవాడే కదా అన్న ధీమా ఈ తేడాను ఇంకా మసకబారుస్తుంది. అగ్రిగోల్డ్‌లో డబ్బు పెట్టి చిక్కుకున్న సుమారు 32 లక్షల మందిలో ఎక్కువమంది ఏ ప్రకటనో చూసి చేరినవాళ్లు కారు. ఊళ్లో తెలిసిన ఏజెంటును, అంటే చుట్టాన్నో పక్కింటివాణ్నో నమ్మి కట్టినవాళ్లు. ఆ ఏజెంట్లలో చాలామంది తమ డబ్బూ, తమవాళ్ల డబ్బూ పోగొట్టుకున్నారు. మోసం చేయాలన్న ఉద్దేశం లేని మనిషి కూడా, తాను చెప్పేదాన్ని పరిశీలించే బాధ్యత తన మీద లేనప్పుడు, ఎంత నష్టం చేయగలడో దీన్ని మించి చెప్పే ఉదాహరణ మన ప్రాంతంలో లేదు.

ఇక డబ్బు దారి. మ్యూచువల్ ఫండ్లలో పెట్టుబడి మీద 2.25 శాతం వరకూ ముందే కోసుకునే ఎంట్రీ లోడ్‌ను 2009 ఆగస్టు 1 నుంచి సెబీ రద్దు చేసింది. అదే ఏడాది డి.స్వరూప్ నేతృత్వంలోని ప్రభుత్వ కమిటీ, 2011 ఏప్రిల్ కల్లా ఆర్థిక ఉత్పత్తులన్నిటిలోనూ కమీషన్ పద్ధతి పోవాలని సిఫార్సు చేసింది. బీమా రంగం దాని జోలికి పోలేదు. 2013 జనవరి 1 నుంచి కమీషన్ కలవని డైరెక్ట్ ప్లాన్లు వచ్చాయి. 2018లో ఫండ్లు డిస్ట్రిబ్యూటర్లకు ముందస్తుగా ఇచ్చే కమీషన్ కూడా పోయి, పెట్టుబడి ఉన్నంతకాలం కొద్దికొద్దిగా వచ్చే ట్రెయిల్ ఒక్కటే మిగిలింది. అడ్వైజర్‌కు ఈ దారి పూర్తిగా మూసేశారు: అతని రాబడి క్లయింటు చెల్లించే ఫీజు మాత్రమే. అది కూడా సలహా కింద ఉన్న ఆస్తుల్లో ఏడాదికి 2.5 శాతం మించకుండా, లేదా ఒక కుటుంబానికి ఇంత అని స్థిరంగా తీసుకోవాలి. 2020లో 1,25,000 రూపాయలుగా పెట్టిన ఆ స్థిర ఫీజు పరిమితి తర్వాత 1,51,000కు పెరిగింది. నగదుగా తీసుకోకూడదు.

కమీషన్ కలిసిన రెగ్యులర్ ప్లాన్లలో యాభై లక్షలున్న కుటుంబాన్ని తీసుకుంటే, ట్రెయిల్ 0.8 శాతమనుకున్నా, ఏడాదికి నలభై వేలు డిస్ట్రిబ్యూటర్‌కు చేరతాయి. ఆ మొత్తం ఎన్‌ఏవీలోంచే, అంటే ఫండ్ యూనిట్ విలువలోంచే పోతుంది కాబట్టి బ్యాంకు పాస్‌బుక్కులో ఎక్కడా కనబడదు. అదే కుటుంబాన్ని ఒక అడ్వైజర్ ఏడాదికి పాతికవేలు అడిగితే, ‘నాలుగు మాటలు చెప్పడానికి పాతికవేలా?’ అంటారు. కనిపించని నలభై వేలకన్నా కనిపించే పాతికవేలు బరువుగా తోచడం మనిషి స్వభావం. అడ్వైజర్ల సంఖ్య వెయ్యి దగ్గరే ఆగిపోవడానికి ఒక ముఖ్య కారణం ఇక్కడే ఉంది.

అయితే ఫీజు తీసుకున్నంత మాత్రాన సలహా శుద్ధి అయిపోతుందనుకోవడం అమాయకత్వం. ఆస్తుల మీద శాతంగా ఫీజు తీసుకునే ప్లానర్, ‘ఈ ఇరవై లక్షలు పెట్టి ఇంటి అప్పు తీర్చేయండి’ అని చెప్పిన రోజున తన ఫీజును తానే తగ్గించుకుంటాడు. కూతురి చదువుకు తీయమన్నా, సొంతూళ్లో పొలం కొనమన్నా అంతే. స్థిర ఫీజు తీసుకునేవాడికి తక్కువ పనితో సరిపెట్టాలన్న ఆశో, లేని చిక్కుల్ని కల్పించి తన అవసరం చూపించుకోవాలన్న తాపత్రయమో కలగవచ్చు. డబ్బు దారి ఏదైనా దాని వంకర దానికి ఉంటుంది. అందుకే స్వప్రయోజనం ఎక్కడుందో ముందే చెప్పమని నియమాలు అడుగుతాయి, ఆపైన కారణం రాసి సంతకం పెట్టమంటాయి.

సంఖ్యలు చెప్పే తీరులోనే ప్రమాణం బయటపడుతుంది. ‘బాబాయ్, ఏడాదికి లక్ష చొప్పున పదేళ్లు కట్టండి, ఇరవయ్యో ఏడు చివర్లో ఇరవై నాలుగు లక్షలొస్తాయి. పదికి ఇరవై నాలుగు!’ అన్న మాటలో అబద్ధం లేదు. కానీ డబ్బు ఎంతకాలం ఇరుక్కుపోయిందో లెక్కగడితే ఆ రాబడి ఏడాదికి సుమారు 5.7 శాతం. బ్యాంకు డిపాజిట్ వడ్డీ పక్కన పెట్టి చూసుకునే వీలు కస్టమర్‌కు ఈ రెండో సంఖ్యే ఇస్తుంది. రెండూ నిజమే అయినప్పుడు, పోల్చుకోవడానికి పనికొచ్చే నిజాన్ని ఎంచుకుని చెప్పడం ప్లానర్ విధి. అందులో జీవిత బీమా విలువ ఎంతో, అదే రక్షణ, పొదుపు కలవని టర్మ్ పాలసీలో ఎంతకు వస్తుందో పక్కనే రాస్తే ఆ పోలిక పూర్తవుతుంది.

ప్రమాణాల్లో అన్నిటికన్నా తక్కువ మాట్లాడేదీ, పనిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేదీ సమాచార సేకరణ. అంతర్జాతీయ సంస్థలు తయారుచేసిన ఫారాల్లో ఆదాయం, ఖర్చు, ఆస్తి, అప్పు అనే నాలుగు గళ్లుంటాయి. తెలుగు ఇంటి లెక్క ఆ గళ్లలో ఇమడదు. ఉదాహరణకు చిట్టీ. అయిదు లక్షల చిట్టీ వేశామని క్లయింటు చెబితే అది ఆస్తో అప్పో అప్పుడే తెలియదు. పాడారా, ఇంకా పాడలేదా అని అడగాలి. పాడకుండా కడుతూ వస్తున్న చిట్టీ ఆస్తి. మూడో నెలలోనే పాడుకుని ఆ డబ్బుతో ఇంటి స్లాబు వేసుకుంటే, మిగిలిన నెలల వాయిదాలన్నీ అప్పు. నిర్వాహకుడు రిజిస్టరైన కంపెనీయా, లేక కాలనీలో ఎవరో ఆవిడ నోటిమాట మీద నడుపుతున్నదా అన్నది రెండో ప్రశ్న. రిజిస్టరైనవి 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కిందికి వస్తాయి, నిర్వాహకుడి కమీషన్‌కు పరిమితి ఉంది (2019లో అది 5 నుంచి 7 శాతానికి పెరిగింది). రెండోదానికి ఆ ఆవిడ మాటే చట్టం.

వడ్డీకిచ్చిన డబ్బు ఇంకా చిక్కు. ‘రెండు రూపాయల వడ్డీకి’ ఇచ్చామంటే వందకు నెలకు రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. కాగితం మీద ఇంత గొప్ప రాబడి ఏ ఫండూ ఇవ్వదు కాబట్టి క్లయింటు దాన్ని గర్వంగానే చెబుతాడు. ప్లానర్ అడగాల్సింది నోటు ఎప్పుడు రాయించారని. ప్రామిసరీ నోటు మీద దావాకు గడువు మూడేళ్లు. ఈలోగా చెల్లు వేయించుకోకపోతే, నోటు తిరగరాయించుకోకపోతే, ఆ కాగితం కోర్టులో చెల్లదు. నాలుగేళ్ల కిందట బావమరిదికిచ్చిన ఆరు లక్షల నోటును రిటైర్మెంట్ లెక్కలో ఆరు లక్షలుగానే వేసుకుంటే ఆ ప్లాన్ మొదటి పేజీలోనే తప్పినట్టు. ఇక తోడల్లుడి లోనుకు పెట్టిన హామీ సంతకం, తమ్ముడితో ఉమ్మడిగా ఉండిపోయిన రెండెకరాలు, పేరు మారని తాతగారి ఇల్లు, లాకర్లో ఉన్నా ఎప్పటికీ అమ్మని బంగారం. ఇవి అడిగితే తప్ప ఎవరూ చెప్పరు, అడిగే తీరు తెలియకపోతే అడిగినా చెప్పరు. వీటిని రాబట్టగలిగిన మనిషే మన ప్రాంతానికి తగిన ప్లానర్. ఫారం నింపించడం వరకూ అయితే యాప్ కూడా చేసిపెడుతుంది.

రిస్క్ అంచనా ప్రశ్నావళిదీ ఇదే కథ. ప్రశ్నలు స్పష్టంగా ఉండాలనీ, ఫలానా జవాబు వైపు తోయకూడదనీ, రెండు ‘కాదు’లు కలిపి తికమక పెట్టకూడదనీ, క్లయింటుకు అర్థంకాని జటిలమైన భాష వాడకూడదనీ సెబీ నిబంధనలు వివరంగానే చెబుతున్నాయి. అయినా గుంటూరులోనో కరీంనగర్‌లోనో తెలుగులోనే బతికే క్లయింటు ముందుకు వచ్చేది ఇంగ్లిష్ ప్రశ్నావళే. ‘మీ పెట్టుబడి 20 శాతం పడిపోతే ఏం చేస్తారు?’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు కన్నా, ‘మీరు పెట్టిన పది లక్షలు వచ్చే సంక్రాంతికి ఎనిమిది అయితే ఇంట్లో ఏమవుతుంది?’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు నమ్మదగినది. మొదటిది మనిషి ధైర్యాన్ని కొలుస్తుంది. రెండోది ఆ ఇంటి స్థోమతను కొలుస్తుంది. ధైర్యం ఉండి స్థోమత లేనివాళ్లకు ధైర్యాన్ని బట్టి సలహా ఇవ్వడం కన్నా పెద్ద తప్పు ఈ వృత్తిలో లేదు. అంచనా ఏం తేలిందో క్లయింటుకు చెప్పాలన్నదీ, పరిస్థితులు మారినప్పుడు దాన్ని సరిచేయాలన్నదీ నిబంధనల్లోనే ఉంది.

ఇంతా అయ్యాక రాసే హేతువు ఎలా ఉండాలి? ‘క్లయింటు దీర్ఘకాలిక సంపద సృష్టి లక్ష్యానికి, మధ్యస్థ రిస్క్ స్వభావానికి అనుగుణంగా ఈ ఫండ్లను సూచించడమైనది’ అని రాస్తే నిబంధన పాటించినట్టే కనిపిస్తుంది. కానీ ఆ వాక్యంలో పేరు మార్చి ఊళ్లో ఎవరికైనా ఇవ్వొచ్చు, అందుకే అది హేతువు కాదు. నలభై లక్షలతో రిటైరైన మన టీచరుకే రాసి చూద్దాం. ‘పెన్షన్ నెలకు 38 వేలు, మందులతో కలిపి ఖర్చు 45 వేలు, అంటే ఏడాదికి 84 వేల లోటు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 15 లక్షలు పెడితే 8.2 శాతం వడ్డీతో ఏడాదికి 1,23,000 వస్తుంది. లోటు తీరి ధరల పెరుగుదలకు కొంత మిగులుతుంది. రెండేళ్లలో చిన్నమ్మాయి పెళ్లికి 12 లక్షలు బ్యాంకు డిపాజిట్‌లో. ఆసుపత్రి అవసరాలకు 6 లక్షలు వెంటనే తీసుకునేలా. మిగిలిన 7 లక్షలు కనీసం ఏడేళ్లు ముట్టుకోనవసరం లేదు కాబట్టి షేర్ల సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో. ఇది సగానికి పడినా నెల ఖర్చుకు ఇబ్బంది రాదు. ఏడాదికి అయిదు లక్షల ప్రీమియం పాలసీ వద్దన్నాను, ఎందుకంటే మూడో ఏటి నుంచి ప్రీమియం కట్టడానికి ఈ డిపాజిట్లే విరవాల్సి వస్తుంది. పెళ్లి వాయిదా పడితే ఇది మళ్లీ చూడాలి.’ కింద సంతకం, తేదీ. ఇందులో తప్పులుండవచ్చు, మరో ప్లానర్ 7 లక్షలు ఎక్కువంటాడు, ఇంకొకరు తక్కువంటారు. కానీ వాదించడానికి ఇక్కడ ఏదో ఒకటి ఉంది. వద్దన్నదేమిటో, ఎందుకు వద్దన్నాడో, ఏది మారితే ఈ సలహా మారుతుందో రాసి ఉంది. మొదటి వాక్యంతో వాదించడానికి ఏమీ లేదు, బహుశా అందుకే అది అంత ఎక్కువగా కనిపిస్తుంది.

గోప్యత గురించి నియమావళులు చెప్పేది బయటివాళ్ల సంగతి. మన దగ్గర అసలు పరీక్ష ఇంటిలోపలే వస్తుంది. భార్యాభర్తలిద్దరూ క్లయింట్లుగా సంతకం చేశాక, భర్త విడిగా ఫోన్ చేసి, ‘షేర్లలో నాలుగు లక్షలు పోయాయి, పర్సనల్ లోన్ తీసుకున్నాను, ఈ సంగతి ఆవిడకు చెప్పకండి’ అంటే ప్లానర్ ఏం చేయాలి? దాచితే భార్యకు ఇచ్చే సలహా అబద్ధపు లెక్క మీద నిలబడుతుంది, చెబితే భర్త నమ్మకం పోతుంది. దీనికి మందు ఆ రోజున దొరకదు. ఒప్పందం రాసుకునే రోజునే, ఇద్దరిలో ఎవరు చెప్పిన ఆర్థిక విషయమైనా ఇద్దరికీ తెలుస్తుందని రాసుకోవాలి. అలా రాసుకోనప్పుడు, ‘మీరే చెప్పండి, లేదంటే ఈ ప్లాన్ నేను కొనసాగించలేను’ అనడం తప్ప గౌరవంగా మిగిలే దారి లేదు. సమావేశంలో భర్తే మాట్లాడి, ఆవిడ కాఫీలు అందిస్తూ అటూఇటూ తిరుగుతుంటే, ఆవిడ సంతకం ఉన్నా ఆవిడ క్లయింటు అయినట్టు కాదన్నది కూడా ప్లానర్ గుర్తించాల్సిన విషయమే. రేపు ఆ ఫైలు తెరవాల్సి వచ్చేది బహుశా ఆవిడకే.

నైపుణ్యం అన్న ప్రమాణాన్ని తెలిసినదాన్ని బట్టి కన్నా, తెలియదని ఒప్పుకునేదాన్ని బట్టి కొలవడం మేలు. డల్లాస్‌లో ఉన్న కొడుకు పేరున కూడా ఒక సిప్ (నెలనెలా ఫండ్‌లో పెట్టే వాయిదా) మొదలుపెట్టమని హైదరాబాద్ ప్లానర్‌ను తండ్రి అడగడం మామూలే. అమెరికాలో పన్ను కట్టే వ్యక్తి భారతీయ మ్యూచువల్ ఫండ్లు కొంటే అక్కడి ఆదాయపు పన్ను శాఖ వాటిని పీఎఫ్‌ఐసీలుగా, అంటే పెట్టుబడి ఆదాయం మీదే నడిచే విదేశీ కంపెనీలుగా లెక్కిస్తుంది. ప్రత్యేకమైన ఫారం 8621, కఠినమైన పన్ను లెక్క వస్తాయి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక దాఖలు చేయాలి. ఇక్కడ ఎంత మంచి ఫండైనా అక్కడ గుదిబండ కావచ్చు. అలాగే ఎన్‌ఆర్‌ఐ వ్యవసాయ భూమిని వారసత్వంగా పొందవచ్చు గానీ కొనకూడదన్నది న్యూజెర్సీలోని ప్లానర్‌కు తెలియాలని లేదు. ‘ఇది నా చేతిలో పని కాదు, ఫలానా సీఏను అడగండి’ అనడం వల్ల ఒక సిప్ పోతుంది, కానీ ధర్మకర్తగా ఉండటమంటే అదే.

ఇతర దేశాలు ఈ దారిలో ఎలా నడిచాయో రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. అమెరికాలో 1940 నాటి చట్టం కింద నమోదైన అడ్వైజర్లకు విశ్వాస బాధ్యత ఉందని అక్కడి సుప్రీంకోర్టు 1963లో గుర్తించింది. సీఎఫ్‌పీ పట్టాలిచ్చే అక్కడి సీఎఫ్‌పీ బోర్డు మాత్రం, అప్పటిదాకా పూర్తి ప్లానింగ్‌కే పరిమితమైన ఆ బాధ్యతను ఏ ఆర్థిక సలహాకైనా వర్తింపజేసింది 2019 అక్టోబర్ నుంచే. బ్రిటన్ 2012 చివర్లో పెట్టుబడి సలహా మీద కమీషన్ తీసేసింది. సలహా నాణ్యత పెరిగినా, చిన్న మొత్తాలున్నవాళ్లకు ఫీజు భరించలేనిదై సలహాయే అందకుండా పోయిందన్న విమర్శ అప్పటినుంచీ ఉంది. ఆస్ట్రేలియా 2013లో కొత్త చట్టాన్ని తప్పనిసరిగా అమల్లోకి తెచ్చినా, 2018లో బ్యాంకులు, ఆర్థిక సంస్థల మీద హేన్ కమిషన్ జరిపిన విచారణలో అందించని సేవలకూ, చనిపోయిన క్లయింట్ల ఖాతాలనుంచీ ఫీజులు వసూలైన సంగతి బయటపడింది. కమీషన్ పోగానే కథ సుఖాంతం కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

భారతదేశంలో 2020 సవరణ ఒక కుటుంబానికి సలహా ఇచ్చేవాడు అదే కుటుంబానికి అమ్మకూడదని తేల్చింది. ఇక్కడ కుటుంబమంటే క్లయింటుతో పాటు అతని మీద ఆధారపడిన భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు. 2024 డిసెంబర్‌లో వచ్చిన మార్పులు తలుపును కొంచెం వెడల్పు చేశాయి: డిగ్రీ చాలన్నారు, అనుభవం తప్పనిసరి కాదన్నారు, అడ్వైజర్‌కు ఇంత ఆస్తి ఉండాలన్న నెట్‌వర్త్ షరతు బదులు క్లయింట్ల సంఖ్యను బట్టి లక్ష నుంచి పది లక్షల డిపాజిట్ పెట్టారు, వ్యక్తిగత అడ్వైజర్‌కు 150గా ఉన్న క్లయింట్ల పరిమితిని 300కు పెంచారు. పీజీ అక్కర్లేదనడం సబబే, ఎందుకంటే ఈ పనికి అవసరమైన చదువు పీజీలో చెప్పేది కాదు. అనుభవాన్ని పూర్తిగా తీసేయడం మాత్రం అంత సబబుగా తోచదు. పరీక్ష పాసైన ఇరవై రెండేళ్ల కుర్రాడు పాడిన చిట్టీ గురించి అడగాలని ఎక్కడ నేర్చుకుంటాడు? ఆడిటర్ దగ్గర ఆర్టికల్స్ చేసినట్టు, సీనియర్ లాయర్ దగ్గర జూనియర్‌గా ఉన్నట్టు, ఇక్కడ కూడా ఒకరి పక్కన కూర్చుని నేర్చుకునే రెండేళ్ల ఏర్పాటు ఉంటే బాగుండేది.

సలహా అమలు దశలో జారిపోయే ప్రమాణాలు చిన్నవిగా కనిపిస్తాయి. ‘ఓటీపీ చెప్పండి సార్, నేనే చేసేస్తాను’ అనేది సాయమే. ఖాళీ ఫారాల మీద నాలుగు సంతకాలు తీసుకుని ఫైల్లో పెట్టుకోవడం కూడా, పెద్దాయన్ని మాటిమాటికీ ఇబ్బంది పెట్టకూడదన్న సదుద్దేశంతోనే మొదలవుతుంది. కానీ ఏ లావాదేవీ క్లయింటు నిర్ణయమో, ఏది ప్లానర్ నిర్ణయమో రేపు చెప్పలేని స్థితి ఇక్కడే పుడుతుంది. సలహా ప్లానర్‌ది, చెయ్యి క్లయింటుది అన్న విభజన కాస్త అసౌకర్యంగా ఉన్నా అది ఇద్దరికీ రక్షణే.

వివాదం వచ్చినప్పుడు ఈ కాగితాల తేడా నగ్నంగా కనిపిస్తుంది. బీమా పాలసీ తప్పుగా అంటగట్టారని ఫిర్యాదు చేస్తే, పాలసీ వెనక్కిచ్చేయడానికి ఉండే 30 రోజుల ఫ్రీ లుక్ గడువు దాటిపోయాక, కంపెనీ ముందుపెట్టేది కస్టమర్ సంతకాలున్న ప్రపోజల్ ఫారమే; హాల్లో కాఫీ తాగుతూ ఏజెంటు చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. తెలుగులో సంతకం చేసేవాళ్లకో, వేలిముద్ర వేసేవాళ్లకో ఫారంలోని విషయాలు వాళ్ల భాషలో వివరించామని మరొకరు సంతకం చేసే గడి ఆ ఫారంలోనే ఉంటుంది, అది కూడా చాలాసార్లు పక్కనున్నవాళ్లెవరో నింపేసిందే. సెబీ అడ్వైజర్ మీద ఫిర్యాదు, సెబీ నడిపే స్కోర్స్ పోర్టల్‌లో పడితే 21 రోజుల్లో జవాబివ్వాలి, అప్పుడు బల్ల మీదికి రావాల్సింది అడ్వైజర్ సంతకం ఉన్న హేతువు. సెబీ పరిధిలోకి రాని ప్లాటు గురించో, చిట్టీ గురించో అదే అడ్వైజర్ ఇచ్చిన సలహాకు ఆ తలుపు తెరుచుకోదు, కాబట్టి ఆ సంగతి సలహా ఇచ్చే రోజునే క్లయింటుకు చెప్పాలి. హేతువు కాపీ క్లయింటు దగ్గర కూడా ఉండటం వల్ల ఇంకో ఉపయోగం ఉంది: ప్లానర్ మారినా, మానేసినా, పోయినా, తర్వాత వచ్చేవాడు మళ్లీ పాడిన చిట్టీ దగ్గర్నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.